ఉత్తర తెలంగాణలో పౌర గ్రంథాలయం: తొలి అక్షరం తర్వాతి ఆశ

వ్యాస సంగ్రహం

అక్షరాభ్యాస క్షేత్రంగా ప్రసిద్ధమైన బాసర పరిసరాలను ప్రస్థాన బిందువుగా తీసుకుని, ఉత్తర తెలంగాణలో పౌర గ్రంథాలయం వహించిన చారిత్రక పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నిజాం పాలనలో భాషాభివృద్ధికి, స్వరాష్ట్రంలో ఉద్యోగ సాధనకు గ్రంథాలయం ఆశాస్థానమైంది. ఈ రెండు ఆశల స్వభావంలోని భేదాన్ని గుర్తించడం నేటి గ్రంథాలయ విధానానికి అవసరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బాసర, గ్రంథాలయోద్యమం, ఆంధ్రమహాసభ, గ్రంథాలయ పన్ను, పోటీ పరీక్షలు

1. ప్రవేశిక

గోదావరి తీరాన వెలసిన బాసర జ్ఞానసరస్వతి ఆలయానికి తల్లిదండ్రులు పిల్లలను అక్షరాభ్యాసం కోసం తీసుకువస్తారు. వసంత పంచమి నాడు, శరన్నవరాత్రులలో ఈ రద్దీ మరింత అధికం. పలక మీద దిద్దిన తొలి అక్షరం ఒక కుటుంబం తన బిడ్డ భవిష్యత్తుపై పెట్టుకున్న ఆశకు సంకేతం. అయితే ఆ అక్షరం పుస్తకంగా మారడానికి క్షేత్రమహిమ ఒక్కటే చాలదు. పాఠశాల, పుస్తకం, చదువుకునే చోటు కావాలి. పుస్తకం కొనలేని కుటుంబానికి ఆ చోటు పౌర గ్రంథాలయమే.

ఏ భాషలో చదవాలన్న ప్రశ్న కూడా ఈ ప్రాంతంలో చిన్నది కాదు. తెలుగు, మరాఠీ, ఉర్దూ కలగలిసిన సరిహద్దు ఇది. బాసర ఉన్న ముథోల్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో నాందేడ్ జిల్లాకు చెందినది. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో ముథోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లో చేరి ఆదిలాబాద్ జిల్లాలో భాగమయ్యాయి. ఆదిలాబాద్‌లోని రాజురా, కిన్వట్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. 2016 అక్టోబర్ 11 నుంచి బాసర నిర్మల్ జిల్లాలో ఉంది. పాలనా సరిహద్దులు మారిన ప్రతిసారీ పాఠకుడికి అందుబాటులో ఉండే బోధనభాష, కార్యాలయ భాష, పుస్తక భాష కూడా ప్రభావితమవుతాయి.

2. భాష కోసం పఠనాలయం

నిజాం రాజ్యంలో పాలనాభాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే సాగింది. 1931లో హనుమాజీపేటలో జన్మించి, తర్వాత తెలుగు కవిగా జ్ఞానపీఠం అందుకున్న సి. నారాయణరెడ్డి కూడా ఉర్దూ మాధ్యమంలోనే చదువుకున్నారు. మాతృభాషా పఠనానికి బడి వెలుపల చోటు వెతుక్కోవలసిన స్థితి అది.

ఆ అవసరం నుంచే తెలంగాణ గ్రంథాలయోద్యమం పుట్టింది. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు నివాసంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ప్రారంభమైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు దానికి అండగా నిలిచారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం వెలసింది.

1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలి చేశారు. ఆ అవమానం ఆంధ్రజనసంఘ స్థాపనకు కారణమైంది. సభలో దక్కని గౌరవాన్ని సంఘం పుస్తకం ద్వారా సాధించదలచింది. గ్రంథాలయాల, పఠనమందిరాల స్థాపన దాని ప్రధాన ఆశయాలలో ఒకటి. బహిరంగ సభకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 వంటి ఉత్తర్వులు అమలులో ఉన్న రాజ్యంలో నలుగురు కూర్చుని పత్రిక చదువుకోవడానికి రాజకీయ ప్రాధాన్యం కూడా ఏర్పడింది. ఈ సంఘ కృషే ఆంధ్రమహాసభగా విస్తరించింది. 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన నాలుగో మహాసభ సిరిసిల్లలో జరగడంతో ఆ చైతన్యం కరీంనగర్ ప్రాంతానికి మరింత చేరువైంది.

పాఠకుడు గ్రంథాలయానికి రాలేని చోటికి పుస్తకమే నడిచివెళ్లింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలను ఊరూరా మోసుకెళ్లి పాఠకులకు చేర్చారు.

3. దాతృత్వం నుంచి చట్టం దాకా

ఉద్యమకాలపు గ్రంథాలయం దాతల ఔదార్యంపై, కార్యకర్తల ఓపికపై ఆధారపడింది. దాత మరణిస్తే, కార్యకర్త జైలుకు వెళితే తలుపులు మూతపడే ప్రమాదం ఉండేది. 1955 నాటి హైదరాబాద్ పౌర గ్రంథాలయాల చట్టం ఈ బాధ్యతను ప్రభుత్వ పరిధిలోకి తెచ్చింది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు ఏకరూప వ్యవస్థను ఏర్పరచింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటి కింద శాఖా గ్రంథాలయాలు ఆ వ్యవస్థలో భాగం.

దీనికి ఆధారం గ్రంథాలయ పన్ను. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. అందువల్ల పన్ను కట్టే ప్రతి గృహస్థుడూ గ్రంథాలయ పోషకుడే. పాఠకుడు అక్కడ అడిగేది దానం కాదు, హక్కు. పన్ను సొమ్ము పంచాయతీ, పురపాలక ఖాతాలలోనే నిలిచిపోతే ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుంది.

4. ఏడాది చివర పఠనమందిరం

1919 నవంబర్ 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు నిర్వహించడం ఆ స్మృతితో ముడిపడినదే. తెలంగాణలో ఇటీవల ఏడాది చివరి మాసాలకు మరో అర్థం చేరింది. 2022 డిసెంబర్ 1న గ్రూప్-4, 29న గ్రూప్-2, 30న గ్రూప్-3 ప్రకటనలు వెలువడ్డాయి. 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి కొన్ని పరీక్షలు రద్దయ్యాయి. గ్రూప్-2 నాలుగుసార్లు వాయిదా పడి చివరకు 2024 డిసెంబర్ 15, 16 తేదీలలో జరిగింది. గ్రూప్-3 పరీక్ష 2024 నవంబర్ 17, 18 తేదీలలో, సరిగ్గా గ్రంథాలయ వారోత్సవాల నడుమ వచ్చింది.

ఈ రెండేళ్ల నిరీక్షణను అభ్యర్థులలో అనేకులు గ్రంథాలయాలలోనే గడిపారు. శిక్షణ కేంద్రానికి రుసుము కట్టలేనివారికి, అద్దె గదిలో చదువు సాగనివారికి కుర్చీ, దీపం, దినపత్రిక, నిశ్శబ్దం ఉచితంగా లభించిన చోటు అది. వాయిదా పడిన ప్రతిసారీ ఊరికి తిరిగి వెళ్లాలా, మరో ఏడాది ఉండాలా అన్న ప్రశ్న వారి ముందుంది. ఉండాలని నిర్ణయించుకున్నవారి సంకల్పానికి గ్రంథాలయం ఆధారమైంది.

అయితే లెక్క కఠినమైనది. గ్రూప్-2లో 783 కొలువులకు ఐదున్నర లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంటే ఒక్కో కొలువుకు సుమారు 700 మంది. ఎంపికైన ఒక్కరి విజయం వార్త అవుతుంది. మిగిలిన 699 మందికి గ్రంథాలయం ఏమి ఇచ్చిందన్నదే చరిత్రకారుడు వేయవలసిన ప్రశ్న.

5. ముగింపు

ఉద్యమకాలపు ఆశ సామూహికమైనది. ఒకరు చదివితే పదిమంది విన్నారు; ఒకరి గెలుపు మరొకరి ఓటమి కాలేదు. నేటి ఆశ వ్యక్తిగతమైనది, పోటీకి లోబడినది. ఇందులో అభ్యర్థి దోషం లేదు. కొలువు కోరడం న్యాయమైన ఆకాంక్షే. కానీ గ్రంథాలయం పరీక్షా శిబిరంగా మాత్రమే మిగిలితే, దానిలోకి వచ్చినవారిలో అత్యధికులకు అది వైఫల్య స్మృతి అవుతుంది. పోటీ పరీక్షల పుస్తకాలతో పాటు సాహిత్యం, స్థానిక చరిత్ర, బాలల గ్రంథాలు, సరిహద్దు మండలాలలో మరాఠీ, ఉర్దూ పుస్తకాలు ఉన్నప్పుడే ఫలితం వెలువడ్డాక కూడా పాఠకుడు మళ్లీ అక్కడికి వస్తాడు.

పరిశోధకులకు ఇక్కడ చేయదగిన పని ఉంది. శాఖా గ్రంథాలయాల సందర్శకుల నమోదు పుస్తకాలు, పుస్తకాల ఎరువు చిట్టాలు, పన్ను జమ ఖాతాలు ఈ తరం పఠన చరిత్రకు మూలాధారాలు. వాటిని భద్రపరిచి అధ్యయనం చేస్తే, బాసరలో తొలి అక్షరం దిద్దిన తరాలు ఆ తర్వాత ఏమి చదివాయో, దేనికోసం చదివాయో రాయడం సాధ్యమవుతుంది.