సమాధి లేని బాంబర్ సిబ్బంది

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. అవి బంగాళాఖాతంలోని ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి లేచాయి. విశాఖ రేవు 1933లోనే మొదలైంది; యుద్ధకాలంలో తూర్పు తీరాన దానికి ప్రాముఖ్యం పెరిగింది. నష్టం కన్నా భయమే పెద్దది. జనం ఊరు విడిచి పల్లెలకు తరలిపోయారు.

అసలు మూల్యం చెల్లించింది సముద్రం మీద ఎగిరినవాళ్లు. ఏప్రిల్ 9న కొలంబో నుంచి వెళ్లిన బ్రిటిష్ బ్లెన్‌హీమ్ బాంబర్లు తొమ్మిది, జపాన్ ప్రధాన నౌకాదళంపై దాడి చేశాయి. ఐదు తిరిగి రాలేదు. ఒక్కో విమానంలో ముగ్గురు: పైలట్, దారి చూసే నావిగేటర్, వైర్‌లెస్‌తో పాటు తుపాకీ కూడా చూసుకునే గన్నర్. పైలట్ల పేర్లు చరిత్రలో ఎలాగో చోటు దక్కించుకుంటాయి, మిగతా ఇద్దరివే మరుగున పడతాయి.

నేలమీద చనిపోయిన సైనికుడికి సమాధి ఉంటుంది. దక్షిణ, తూర్పు భారతంలోని శ్మశానాల నుంచి అలాంటి సమాధులు చాలావాటిని మద్రాసు యుద్ధ శ్మశానానికి మార్చారు. సముద్రంలో పడినవాడికి మిగిలేది పేరే. ఆసియాలో సమాధి దొరకని కామన్‌వెల్త్ వైమానికుల పేర్లను 1957లో ఆవిష్కరించిన సింగపూర్ స్మారకంపై చెక్కారు. పదవి ఏదైనా అక్షరాల పరిమాణం ఒకటే.

విశాఖ బీచ్ రోడ్డులో 1996లో వెలసిన విజయ స్మారకం మాత్రం 1971 యుద్ధానిది. 1942 దాడి గుర్తుగా, పేలని జపాన్ బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది.