పత్తికొండ నేల, పత్తికట్టె కథ

పత్తికొండ పేరు వినగానే చరిత్ర చదివినవారికి థామస్ మన్రో గుర్తుకు వస్తాడు. 1827 జూలై 6న ఆయన కలరా సోకి ఇక్కడే కన్నుమూశాడు. ఆయన జ్ఞాపకార్థం ఊళ్ళో దిగుడుబావి కట్టించి, చెట్లతోపు పెంచారు. అయితే నేను వ్రాయదలచినది మన్రోను గురించి కాదు, ఆయన కొలిపించిన నేలను గురించి.

1800లో నిజాము దత్తమండలాలను కుంఫిణీకి అప్పగించిన తరువాత మన్రో 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. పొలం పొలమూ కొలిపించి, నేలను తరగతులుగా విడదీసి శిస్తు కట్టించాడు. అది బరువవుతోందని గ్రహించి 1807లో నాలుగోవంతు తగ్గించమని తానే సిఫారసు చేశాడు. ఎంత న్యాయంగా కట్టినా శిస్తు లెక్క నేల ఇచ్చేదాన్నే చూస్తుంది. నేలకు తిరిగి ఇచ్చే పద్దు రైతు దగ్గర ఉంటుంది: పశువుల పెంట, చెరువు పూడికమట్టి, పాడుబడ్డ ఊళ్ళ పాటిమన్ను, వేసవిలో పొలంలో కట్టే గొర్రెలమంద. 1876-78 నాటి మహాకరువులో మనుషులతో పాటు పశువులూ పోయాయి. ఎద్దు పోయిన ఇంట ఎరువుదిబ్బ కూడా పోయినట్లే కదా!

1889లో సీమప్రభుత్వం వోల్కర్ అనే రసాయనవేత్తను భారత వ్యవసాయం పరిశీలించడానికి పంపింది. రైతు పేడను పిడకలు చేసి కాల్చేది అజ్ఞానంతో కాదనీ, వంటచెరకు దొరకకనేననీ ఆయన 1893 నాటి నివేదికలో గుర్తించాడు. నన్ను ఆకట్టుకున్న విషయం ఇదే. నేలకు చేరవలసినది పొయ్యికి చేరడం వెనుక ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది. ఆ కారణాన్ని తీర్చకుండా రైతుకు హితబోధ చేసి లాభం లేదు.

ఈ చిక్కుముడిని విప్పజూసినవాడు ఆల్బర్ట్ హోవర్డ్. ఆయన 1924 నుండి 1931 వరకు ఇందూరులో ప్రత్తిపరిశోధన చేశాడు. ప్రత్తి ఏరగా మిగిలిన కట్టె గట్టిది, తొందరగా కుళ్ళదు. దాన్ని బండ్లదారి మీద పరిపించి, చక్రాల క్రింద నలగగొట్టించాడు. ఆపైన పశువుల క్రింద పరుపుగా వేసి, పేడ, మూత్రం ఇంకిన మట్టి, బూడిద కలిపి గుంటల్లో పేర్పించాడు. నీళ్ళు చల్లుతూ, తిరగవేస్తూ ఉంటే సుమారు మూడు నెలల్లో నల్లని ఎరువు తయారయ్యేది. యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో ఈ పద్ధతిపై పుస్తకం ప్రకటించాడు.

ఇంత శ్రమ ఎందుకంటే, పచ్చికట్టెను నేరుగా దున్నివేస్తే దాన్ని తినే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తమకే వాడుకుంటాయి, పైరు పసుపుబారుతుంది. కుళ్ళిన తరువాత వేస్తే ఆ భయం ఉండదు. అలా ఏర్పడే హ్యూమస్ ఎర్రనేలలో తేమను నిలుపుతుంది, రేగడిని గుల్లబరుస్తుంది. వాన తక్కువైన ఈ సీమలో నిలిచిన ప్రతి చుక్కా పంటే.

హ్యూమిక్ ఆమ్లం అనే మాట ఇంకా పాతది. 1786లో అకార్డ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు పీట్ మట్టిని క్షారంతో కడిగి ఒక నల్లని పదార్థాన్ని వేరుచేశాడు. ఆ నల్లదనమే నేలసారమని చాలాకాలం నమ్మారు. 2015లో లేమన్, క్లేబర్ ఆ భావనను గట్టిగా ప్రశ్నించారు. నేలలో ఉన్నది కుళ్ళుతూ మారిపోతూ ఉండే పదార్థాల వరుస తప్ప, క్షారం తీసిచూపే ఆ ప్రత్యేక ద్రవ్యం కాదని వారి వాదం. మన ఎరువుల దుకాణాల్లో దొరికే హ్యూమిక్ ద్రావణాలు ఎక్కువగా లియోనార్డైట్ అనే బొగ్గుజాతి ఖనిజం నుండి తీసినవి.

ఇక్కడే నా బాధ. ఆదోని ప్రత్తిమార్కెట్టుకు దూది తరలిపోతుంది, పొలంలో కట్టె మిగులుతుంది. గులాబిరంగు కాయతొలుచు పురుగుకు భయపడి దాన్ని కొందరు పీకి కాలుస్తారు, కొందరు పొయ్యికి వాడుకుంటారు. ఆ భయం నిజమైనదే, పొయ్యి అవసరమూ నిజమైనదే. కానీ ముక్కలు చేసి సరిగా మగ్గపెట్టిన కుప్ప లోపలి వేడికి పురుగు బ్రతకదు. కావలసింది ఊరికొక కట్టె నరికే యంత్రం, కాస్త పేడ, కాసిని నీళ్ళు, మూడు నెలల ఓపిక.

పొలంలో కార్బనును కాల్చి, సీసాలో కార్బనును కొనుక్కునే రైతును తప్పుపట్టలేను. ఆ యంత్రాన్ని, ఆ నీళ్ళను అతడి గట్టు దాకా చేర్చని మన వ్యవస్థనే అడగాలి. మన్రో కాలంలో శిస్తు తగ్గించమని వ్రాయగల ఒక అధికారి ఉన్నాడు. నేలకు బాకీపడిన శిస్తును ఎవరు గుర్తుచేస్తారు?