నాందేడు సీమలోని తెలుగు కట్టడపు పనివారు - పనితనపు పరీక్షల చరిత్ర

గోదావరి మహారాష్ట్రమును వీడి కందకుర్తి కడ తెలంగాణమున అడుగిడుటకు ముందు, దాని ఒడ్డున నున్న కడపటి పెద్ద పట్టణము నాందేడు. ఈ సీమలో మరాఠీ, తెలుగు, ఉర్దూ, కన్నడము కలగలసి వినవచ్చును. తరతరములుగా ఇచటి తెలుగువారిలో ననేకులు ఇల్లు కట్టుట, రాయి కొట్టుట, చెరువు త్రవ్వుట వృత్తిగా బ్రతికిరి. వారి సంతతివారును, పొరుగుననున్న నిజామాబాదు, నిర్మల్ సీమలవారును గత అర్ధశతాబ్దముగా సముద్రములు దాటి పనికి పోవుచున్నారు. అట్లు పోవు ప్రతి పనివాడును ఏదో యొకచోట తన చేతిపనిని పరీక్షకు నిలుపవలసి వచ్చినది. ఆ పరీక్షను ఎవరు చేసిరి, ఎట్లు చేసిరి, దాని ఫలము ఎవరికి దక్కినది అను విషయములను కాలక్రమమున విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

సీమయు జనులును

నాందేడు జిల్లా 1956 నవంబరు 1వ తేదీ వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. రాష్ట్ర పునర్విభజనమున అది బొంబాయి రాష్ట్రమునకును, 1960 మే 1వ తేదీన మహారాష్ట్రమునకును చెందినది. ఆ సందర్భమున ముధోలు, భైంసా ప్రాంతములు నాందేడునుండి ఆదిలాబాదునకును, కిన్వట్ ప్రాంతము ఆదిలాబాదునుండి నాందేడునకును మారినవి. గీత మారినదే కాని జనులు మారలేదు. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు, కిన్వట్ తాలూకాలలో తెలుగు నేటికిని ఇంటి భాషగా నిలిచియున్నది.

నేలకూడ ఇచట రెండు విధములు. జిల్లాలో ఎక్కువ భాగము దక్కను నల్లరాతి భూమి. దెగ్లూరు, బిలోలి వైపు తెలంగాణమునందువలె గ్రానైటు పైకి తేలును. రెండు రాళ్ల స్వభావము వేరు, కొట్టు పద్ధతియు వేరు. ఈ రెండును నేర్చినవారు వడ్డెరలు. తెలుగునాట వీరిలో రాతి వడ్డెరలు, మన్ను వడ్డెరలు, బండి వడ్డెరలు అను భేదములు గలవు. మహారాష్ట్రమున వీరినే పాథ్రట్, మాతీ, గాడీ వడార్లని పిలుతురు. పేర్లు మరాఠీవైనను ఇంటిమాట తెలుగే.

ఈ ప్రాంతపు పూర్వశిల్పులకు కాంధార్ కోటయు, దెగ్లూరు తాలూకాలోని హొట్టల్ చాళుక్య దేవాలయములును సాక్ష్యములు. నాందేడులోని సచ్‌ఖండ్ గురుద్వారమును 1832, 1837 సంవత్సరముల నడుమ మహారాజా రంజీత్‌సింగు కట్టించెను.

మేస్త్రి చూపు

ప్రాచీన శిల్పశాస్త్రములు స్థపతి, సూత్రగ్రాహి, వర్ధకి, తక్షకుడు అని పనివారిని నాలుగు తరగతులుగా విభజించినవి. కొలత పట్టువాడు సూత్రగ్రాహి. దారము అతని పనిముట్టు, అధికారచిహ్నము కూడను. తరువాతి కాలమున పనులపై పెత్తనము మేస్త్రికి దక్కినది. ఈ మాట పోర్చుగీసు మెస్త్రె అను పదమునుండి వచ్చినది; గురువు, నేర్పరి అని దాని అర్థము.

మేస్త్రి కాలమున ప్రత్యేకమైన పరీక్ష లేదు, పనియే పరీక్ష. కుఱ్ఱవాడు మొదట తట్ట మోసి, సున్నము కలిపి, ఇటుక అందించి, పిదప తాపీ పట్టెడివాడు. మొదట లోపలి గోడ, తరువాత బయటి గోడ, అన్నిటికిని చివర మూల కట్టుటకు అతనికి అనుమతి లభించెడిది. మూల కట్టనిచ్చిరనగా మేస్త్రి అతనిని పనివానిగా అంగీకరించెనని భావము. గోడ కట్టువాడు దారమును అనుసరించును. ఆ దారము ఎచట నిలువవలెనో మూల కట్టువాడు నిర్ణయించును. గుండు, మూలమట్టము, రసమట్టము అతని పనికి అక్కడికక్కడే సాక్ష్యము చెప్పును.

ఈ పద్ధతిలో మేలు గలదు, లోపమును గలదు. పరీక్షించువాడు పని తెలిసినవాడగుట మేలు. కాని ఆ గుర్తింపు మేస్త్రి నోటిమాటగనే యుండెను. మేస్త్రి మారినచో పనివాడు మరల మొదటి మెట్టునుండి ఎక్కవలసినవాడే. పైగా బంధువునకు తాపీ, పరాయివానికి తట్ట అను పక్షపాతమునకు తావుండెను. స్త్రీల విషయమున ఈ లోపము మిక్కిలి స్పష్టము. జీవితమంతయు కట్టడములందే పనిచేసినను తాపీ వారి చేతికి అరుదుగ వచ్చినది.

ఈ నోటిమాట గుర్తింపుతోనే తెలుగు పనివారు దూరదేశములకు పోయిరి. 18వ శతాబ్ది చివరనుండి బొంబాయి నగరనిర్మాణమునకు నిజాము రాజ్యమునుండి వెళ్లిన కామాఠీల పేరనే కామాఠీపురా ఏర్పడినది. 1901 నాటికి సికింద్రాబాదునుండి నిజామాబాదు, నాందేడుల మీదుగా మన్మాడు వరకు గోదావరి లోయ రైలుమార్గము పూర్తికాగా ఈ ప్రయాణము సులభమైనది.

బొంబాయిలో పరీక్ష

బ్రిటిషు ఇండియాలో 1922 నాటి వలస చట్టము చేతివృత్తివానిని నైపుణ్యము గల పనివానిగా గణించి, సాధారణ కూలీనుండి వేరుపరచినది. కాని అది అనుమతులను గూర్చి చెప్పెనే గాని పనితనమును కొలుచు మార్గము చూపలేదు.

1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట పారసీక సింధుశాఖ తీరదేశములలో కట్టడములు పెద్దయెత్తున సాగినవి. నిజామాబాదు, కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలనుండి వేలకొలది జనులు అటు తరలిరి. వారికి బొంబాయియే వాకిలి. చిన్న పట్టాల రైలులో నాందేడు మీదుగా మన్మాడు చేరి, అచట పెద్ద పట్టాల రైలెక్కి బొంబాయిలో దిగెడివారు. అచట ఏజెంట్ల ఆవరణలలో ట్రేడు టెస్టు జరిగెడిది. తాపీపనివాడు కొద్దిపాటి గోడను మూలతో సహా కట్టి చూపవలెను. కడ్డీల పనివాడు నక్షా చూచి రింగులు వంచవలెను. వడ్రంగి సెంట్రింగు పెట్టె బిగింపవలెను. కంపెనీ ప్రతినిధి గుండు వేసి చూచి, నెగ్గినవారి పేర్లు వ్రాసికొనెడివాడు.

ఇచట రెండు విషయములు గమనింపదగియున్నవి. మొదటిది వస్తుభేదము. మన దేశపు ప్రమాణపు ఇటుక 19 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు గలది. గల్ఫు దేశములలో సాధారణముగ వాడునది 40 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల ఎత్తు గల సిమెంటు దిమ్మ. నల్లరాతిని మైనమువలె మలచగల నాందేడు పనివాడు ఎన్నడును చూడని దిమ్మ ముందు తడబడుట వింతగాదు. అతడు ఓడినది పనితనమున కాదు, పరిచయమున. రెండవది ఫలము ఎవరిది అను ప్రశ్న. ఆ పరీక్ష యజమాని కొరకు జరిగినది. కాగితము యజమాని యొద్దనే నిలిచినది. ఒకే పనివాడు రెండేండ్ల గడువు ముగిసి తిరిగివచ్చి మరల పోగోరినచో, మరల ఖర్చుపెట్టుకొని బొంబాయిలో మరియొక గోడ కట్టవలెను. ఊరిలో తెచ్చిన అప్పులో ఇట్టి ప్రయాణముల పాలు తక్కువ గాదు.

1983 నాటి వలస చట్టము ఏజెంట్లు రిజిస్టరు కావలెనని విధించి, పనివానికి కొంత రక్షణ కలిగించినది. అయితే పదవ తరగతి నెగ్గనివారు 18 దేశములకు పనికి పోవుటకు వలస అనుమతి పొందవలెనను నియమము గలదు. ఇది మోసపోవు అవకాశము గలవారిని కాచుటకై ఏర్పడినదే. కాని దీనియందొక వైచిత్ర్యము గలదు. ప్రభుత్వము పనివాని అక్షరములను చూచును. యజమాని అతని చేతులను చూచును. రెంటిని కలిపి చూచువారు చిరకాలము లేకపోయిరి.

కిల్లారి నేర్పిన పాఠము

పనితనపు పరీక్ష పరదేశపు జీతమునకే గాక స్వదేశమున ప్రాణరక్షణకును అవసరమని తెలిపిన ఘటన 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున నాందేడునకు పొరుగుననున్న లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతమున జరిగిన భూకంపము. వేలకొలది జనులు నిద్రలోనే మరణించిరి. వారిని చంపినది భూమికన్న గోడలే. ఒడుపులేని రాళ్లను మట్టితో పేర్చిన ఆ మందపు గోడలకు లోపలి ముఖము, వెలుపలి ముఖము వేరువేరుగ నుండెను. రెండు ముఖములను కలిపి పట్టు పొడవైన రాళ్లు వాటిలో లేవు. పైన మట్టి కప్పు బరువు. కుదుపునకు ముఖములు విడిపోయి కప్పు క్రిందికి దిగినది.

తరువాతి పునర్నిర్మాణమున స్థానిక తాపీపనివారికి శిక్షణ నొసగిరి. అడ్డురాళ్లు వేయుట, గోడలచుట్టు కాంక్రీటు పట్టీలు కట్టుట వారికి నేర్పిరి. గుండుకు నిలిచిన గోడయంతయు మంచి గోడ కాదనియు, కంటికి కానరాని లోపలి కట్టును కూడ పరీక్షింపవలెననియు ఈ ప్రాంతపు జనులు చాల వెలకు నేర్చుకొనిరి.

పత్రముల కాలము

1998లో హైదరాబాదున న్యాక్ అని ప్రసిద్ధమైన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ స్థాపితమైనది. తాపీపని, కడ్డీలు వంచుట, సెంట్రింగు, గొట్టముల పని మొదలగువానిలో తెలుగు యువకులకు శిక్షణయు పత్రమును లభించుటకు ఇది దారి చూపినది. 2013 డిసెంబరులో కేంద్రప్రభుత్వము వృత్తినైపుణ్యములకు జాతీయస్థాయిలో మెట్లు నిర్ణయించినది. 2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, బడికి పోక పనిలోనే నేర్చినవారి నైపుణ్యమును పరీక్షించి గుర్తించు ఏర్పాటు చేసిరి. మేస్త్రి నోటిమాట కాగితమెక్కుట కిది ముఖ్యమైన మెట్టు. అదే సంవత్సరము తెలంగాణ ప్రభుత్వము పరదేశ ఉద్యోగములకై టామ్‌కామ్ అను సంస్థను నెలకొల్పినది.

పిలుచు దేశములును తమ పద్ధతులను కట్టుదిట్టము చేసినవి. సింగపూరు నిర్మాణశాఖ తన పరీక్షలను పనివారి స్వదేశములందే జరిపించినది. ఆస్ట్రేలియా 1946 నాటి చట్టమునుండియు వృత్తిపనివారి అర్హతలను విచారించు సంప్రదాయము గలది. చదువు లేనివారినుండి అది ఏండ్ల తరబడి జీతము పుచ్చుకొన్న ఆధారములు కోరును. రోజుకూలీగా చేతికి నగదు పుచ్చుకొన్న పనివాడు ఇరువది యేండ్ల పనిని ఏ కాగితముతో చూపగలడు? సౌదీ అరేబియా 2021లో నైపుణ్య ధ్రువీకరణ పద్ధతిని ఆరంభించి, అనంతరము మన దేశమునందును పరీక్షలు జరిపించినది.

2024లో ఇజ్రాయేలు కొరకు జరిగిన ఎంపికలు ఈ చరిత్రలో మరియొక ఘట్టము. సెంట్రింగు, కడ్డీలు వంచుట, గిలాబు, పలకలు పరచుట అను నాలుగు పనులలో పరీక్షలు జరిగినవి. మొదటి విడతలో 16,832 మంది పరీక్షకు నిలువగా 10,349 మంది ఎంపికైరి. హైదరాబాదునందును ఎంపికలు జరిగినవి. ఆ సంవత్సరము సెప్టెంబరులో మహారాష్ట్రమున పుణె కేంద్రముగ రెండవ విడత సాగినది. నెలకు సుమారు 1.92 లక్షల రూపాయల జీతమను ప్రకటన యుద్ధభయమునుకూడ మరపించినది. కాని అచటికి చేరినవారిలో కొందరు నియమించిన పనికి సరిపోలేదని పత్రికలు వ్రాసినవి. కొలది నిమిషముల పరీక్ష మూల కట్టుటకు పట్టిన ఏండ్లకు బదులు కాజాలదని దీనివలన తెలియును.

భాషవలని చిక్కు

సరిహద్దు పనివానికి మరియొక చిక్కు గలదు. తెలంగాణమున గోడ కట్టువానిని సుతారి యందురు. మరాఠీలో సుతార్ అనగా వడ్రంగి. గోడ కట్టువాడు గవండీ. రెండు పదములును సూత్రధారి అను ఒకే మూలమునుండి వచ్చినవని చెప్పవచ్చును. కాని దారము ఇటు గోడను పట్టినది, అటు కొయ్యను పట్టినది. దెగ్లూరు పనివాడు తాను సుతారినని చెప్పినచో, మరాఠీ గుమాస్తా అతనిని వడ్రంగుల వరుసలో నిలుపుట అసంభవము గాదు. ఇంటిలో తెలుగు, బడిలో మరాఠీ, పనిలో ఉర్దూ పదములు, పరీక్షలో హిందీ లేక ఇంగ్లీషు - ఈ నాలుగింటి నడుమ చేతిపని మూగబోవుచున్నది. ప్రశ్న అర్థముకాక ఓడినవానిని పని రానివానిగా లెక్కించుట న్యాయము గాదు.

ఉపసంహారము

ఈ చరిత్రను బట్టి మూడు విషయములు తేలుచున్నవి. పరీక్షించువాడు స్వయముగ పని తెలిసినవాడు కావలెను. ఇది మేస్త్రి కాలపు మేలు. ఫలమును తెలుపు పత్రము పనివాని చేతిలోనే యుండి, దేశము మారినను చెల్లవలెను. ఇది మన కాలపు మేలు. పరీక్షకు ముందు కొత్త వస్తువులతో పరిచయమును, పనివానికి తెలిసిన భాషలో ప్రశ్నయు నుండవలెను; ఇది ఇంకను పూర్తిగ సమకూడవలసిన మేలు. నాందేడు, సోలాపురము, ముంబయి మొదలగు చోట్ల నున్న తెలుగు సంఘములు పనివారి పనిదినములను నమోదు చేయించుట, వృత్తిపదములకు తెలుగు మరాఠీ పట్టికలు కూర్చుట వంటి పనులకు పూనుకొన్నచో ఆ కొరత కొంత తీరగలదు. పరుల నగరములను నిలువబెట్టిన చేతులకు తమ నేర్పును నిరూపించుకొను సాధనము సమకూర్చుట తెలుగువారి సమష్టి ధర్మము.