ముందు నువ్వు చెప్పు: గొడవ పడకుండా గాలిని పంచుకోవడం మెషీన్లు ఎలా నేర్చుకున్నాయి?

ఈరోజు మనం మాట్లాడుకునే విషయం మీ ఫోన్ లోపల ఈ క్షణంలో కూడా జరుగుతూనే ఉంది. కానీ దాని పేరు చాలామంది విని ఉండరు. దాన్ని బ్యాక్‌ఆఫ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, ఒక అడుగు వెనక్కి తగ్గడం.

ఫోన్ కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట మొదలుపెడతారు చూడండి. ఎవరి మాటా ఎవరికీ సరిగ్గా వినపడదు. ఇద్దరూ ఆగుతారు. కాసేపాగి మళ్ళీ ఇద్దరూ ఒకేసారి, "చెప్పు చెప్పు", "లేదు, నువ్వే చెప్పు". ఇక్కడ తంటా ఏంటంటే, ఇద్దరూ సరిగ్గా ఒకే టైం ఆగారు. ఒకరు కొంచెం తక్కువ, ఇంకొకరు కొంచెం ఎక్కువ ఆగుంటే ఏ గొడవా లేదు. మనుషులం కాబట్టి నవ్వేసి సర్దుకుంటాం. మరి ఒకే గాలిలో, ఒకే తీగ మీద వంద మెషీన్లు మాట్లాడాల్సి వస్తే? ఎవరు ముందు, ఎవరు తర్వాత అని చెప్పే పెద్దమనిషి ఎవరూ లేకపోతే?

ఈ కథ హవాయి దీవుల్లో మొదలవుతుంది.

1960ల చివర్లో నార్మన్ అబ్రామ్సన్ అనే ప్రొఫెసర్ యూనివర్సిటీ ఆఫ్ హవాయిలో పనిచేస్తున్నారు. అంతకుముందు స్టాన్‌ఫర్డ్‌లో ఉండేవారు. సర్ఫింగ్ అంటే ఆయనకి పిచ్చి ఇష్టం. పెద్ద కంప్యూటర్ ఓహు దీవిలో ఉంది. యూనివర్సిటీ కాలేజీలేమో మిగతా దీవుల్లో కూడా ఉన్నాయి. మధ్యలో సముద్రం. ఫోన్ లైన్లు వాడదామంటే ఖర్చెక్కువ, నమ్మకం తక్కువ. అందుకని 1968లో రేడియోతో కంప్యూటర్లని కలిపే ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. 1971 జూన్‌లో అది పనిచేయడం మొదలైంది. పేరు అలోహానెట్. స్పీడ్ సెకనుకి 9600 బిట్లు. ఈరోజు మీరు పంపే ఒక్క ఫోటో దాంట్లో వెళ్ళాలంటే అరగంట పైనే పడుతుంది.

అప్పటికి ఉన్న పద్ధతి ఏంటంటే, ఒక్కొక్కరికీ ఒక వాటా రాసిచ్చేయడం. నీకు ఈ ఫ్రీక్వెన్సీ, నీకు ఈ టైం అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ టెర్మినల్ ముందు కూర్చున్న మనిషి ఒక లైన్ టైప్ చేస్తాడు, తర్వాత రెండు నిమిషాలు ఆలోచిస్తాడు. ఆ రెండు నిమిషాలూ అతని వాటా ఖాళీగా పడుంటుంది. పక్కవాడికి అవసరం ఉన్నా వాడుకోలేడు.

అబ్రామ్సన్ టీమ్ ఇంకోలా ఆలోచించింది. పంపాలనిపిస్తే పంపెయ్. ఎవరి పర్మిషనూ అడగక్కర్లేదు. సెంటర్ నుంచి "అందింది" అని కబురొస్తే సరి. రాకపోతే ఇంకెవరి ప్యాకెట్‌తోనో గుద్దుకుందని అర్థం. అప్పుడు లాటరీ తీసినట్టు ఏదో ఒక రాండమ్ టైం ఆగి, మళ్ళీ పంపు. అంతే. సెంటర్‌లో ఉండే ఆ చిన్న కంప్యూటర్‌కి మెనెహూనె అని పేరు పెట్టారు. హవాయి జానపద కథల్లో కనిపించే పొట్టి మనుషుల పేరది.

ఆ "రాండమ్" అన్న మాట దగ్గరే మొత్తం కిటుకు ఉంది. ఇద్దరూ సమానంగా ఆగితే మళ్ళీ గుద్దుకుంటారు. వేర్వేరుగా ఆగాలి, కానీ ఎవరెంత ఆగాలో చెప్పేవాళ్ళు లేరు. అందుకే ఎవరి పాచిక వాళ్ళే వేసుకుంటారు.

మరి ఇది ఎంత బాగా పనిచేస్తుంది? 1970లో అబ్రామ్సన్ రాసిన పేపర్‌లోనే లెక్క ఉంది. ఛానెల్ మొత్తం కెపాసిటీలో గరిష్ఠంగా 18 శాతం చిల్లర. మిగతాదంతా గుద్దుకోవడాలకీ, ఖాళీకీ పోతుంది. ఎందుకంటే మీ ప్యాకెట్ వెళ్తున్నప్పుడు ఎవరైనా మొదలుపెడితే పాడవుతుంది. మీకంటే కాస్త ముందు మొదలుపెట్టినవాళ్ళు ఇంకా పూర్తి చేయకపోయినా పాడవుతుంది. అంటే రెండు ప్యాకెట్లంత టైం మీకు గండమే. 1972లో లారీ రాబర్ట్స్ ఒక చిన్న మార్పు చెప్పారు. టైంని గళ్ళుగా కోసి, అందరూ గడి మొదట్లోనే మొదలుపెట్టాలన్నారు. గండం సగానికి తగ్గింది, 18 కాస్తా 37 శాతం దగ్గరికొచ్చింది.

కానీ ఇందులో ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. రద్దీ పెరిగితే గుద్దుకోవడాలు పెరుగుతాయి. గుద్దుకున్నవాళ్ళు మళ్ళీ పంపుతారు. దాంతో రద్దీ ఇంకా పెరుగుతుంది. రిజల్ట్స్ వచ్చిన రోజు వెబ్‌సైట్ ఓపెన్ కాకపోతే మనమేం చేస్తాం? రిఫ్రెష్, రిఫ్రెష్, రిఫ్రెష్. అందరూ అదే చేస్తారు. చివరికి అందరూ బిజీగా ఉంటారు కానీ ఎవరి పనీ అవ్వదు. అలోహాలో కూడా అచ్చం అదే జరగొచ్చు.

ఇక్కడ బాబ్ మెట్‌కాఫ్ వస్తాడు. 1972లో హార్వర్డ్‌లో ఆయన పీహెచ్‌డీ థీసిస్‌ని తిప్పి పంపేశారు, థియరీ సరిపోలేదని. అప్పటికే జిరాక్స్ కంపెనీ పాలో ఆల్టో రీసెర్చ్ సెంటర్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో వాషింగ్టన్‌లో ఒక ఫ్రెండ్ ఇంట్లో అబ్రామ్సన్ పేపర్ ఆయన చేతికి దొరికింది. చదువుతుంటే ఒక విషయం నచ్చలేదు. ఆ లెక్కలో యూజర్లు జవాబు రాకపోయినా ఆగకుండా పంపుతూనే ఉంటారు. నిజం మనుషులు అలా చేయరు కదా, జవాబు కోసం ఎదురుచూస్తారు. అయితే లెక్క మార్చాలి. లెక్క మారిస్తే, రద్దీని బట్టి మెషీన్ తన జోరు తగ్గించుకునేలా కూడా చేయొచ్చు.

సరే, రద్దీ ఉందని మెషీన్‌కి ఎలా తెలుస్తుంది? చెప్పేవాళ్ళు లేరు. కానీ దానికి తగిలిన దెబ్బలే దానికి సాక్ష్యం. ఒకసారి గుద్దుకున్నావా? ఎవరో ఒకరు ఉన్నారు. వరసగా ఐదుసార్లు గుద్దుకున్నావా? చాలామంది ఉన్నారన్నమాట. ఇంకా ఎక్కువ వెనక్కి తగ్గు.

1973 మే 22న మెట్‌కాఫ్ రాసిన మెమోలో ఈథర్‌నెట్ అనే పేరు కనిపిస్తుంది. డేవిడ్ బాగ్స్‌తో కలిసి ఆయన దాన్ని కట్టాడు. స్పీడ్ సెకనుకి 2.94 మెగాబిట్లు. 1976లో ఇద్దరి పేరుతో పేపర్ వచ్చింది. రూల్స్ మూడే. మాట్లాడే ముందు విను, ఎవరైనా మాట్లాడుతుంటే ఆగు. మాట్లాడుతున్నప్పుడు కూడా విను, గుద్దుకుంటే వెంటనే ఆపు. గుద్దుకున్న ప్రతిసారీ నీ వెయిటింగ్ రేంజ్‌ని డబుల్ చేసుకో.

తర్వాత వచ్చిన 10 మెగాబిట్ల స్టాండర్డ్‌లో లెక్క ఇలా ఉంటుంది. ఒక గడి అంటే 51.2 మైక్రోసెకన్లు. మొదటిసారి గుద్దుకుంటే 0, 1లలో ఒకటి ఎంచుకుని అన్ని గడులు ఆగాలి. రెండోసారి 0 నుంచి 3. మూడోసారి 0 నుంచి 7. పదోసారికి 0 నుంచి 1023. అక్కడితో పెరగడం ఆగుతుంది. 16 సార్లు ప్రయత్నించినా కుదరకపోతే ఇక వదిలేయడమే.

దీన్ని అందరూ వెంటనే ఒప్పుకోలేదు. పాచికలు వేసుకుంటూ నెట్‌వర్క్ నడపడమేంటి అన్నారు. 1985లో ఐబీఎం టోకెన్ రింగ్ తెచ్చింది. ఒక టోకెన్ చుట్టూ తిరుగుతుంది, అది ఎవరి దగ్గరుంటే వాళ్ళే మాట్లాడాలి. చాలా క్రమశిక్షణ. ఈథర్‌నెట్ 37 శాతం దాటదనే మాట కూడా బాగా తిరిగింది. నిజానికి అది అలోహా లెక్క, వినకుండా మాట్లాడేవాళ్ళది. 1988లో బాగ్స్, జెఫ్రీ మోగుల్, క్రిస్టఫర్ కెంట్ నిజం తీగ మీద కొలిచి చూపించారు. పెద్ద ప్యాకెట్లు పంపితే కెపాసిటీలో చాలా భాగం వాడుకోవచ్చని తేలింది.

అయితే అంతా బాగుందా? లేదు. న్యాయం సంగతి చూడాలి. రవి, సీత అని రెండు కంప్యూటర్లు అనుకుందాం, ఇద్దరి దగ్గరా బోలెడు డేటా ఉంది. మొదటిసారి గుద్దుకున్నారు. రవి గెలిచాడు, పంపేశాడు. గెలిచాడు కాబట్టి అతని లెక్క మళ్ళీ సున్నా. రెండో ప్యాకెట్ దగ్గర మళ్ళీ గుద్దుకున్నారు. రవికి ఇది మొదటి దెబ్బ, 0, 1లలో ఎంచుకుంటాడు. సీతకి రెండోది, 0 నుంచి 3 దాకా. లెక్కేస్తే రవి గెలిచే ఛాన్స్ 8లో 5. సీతకి 8లో 1. మిగతా 2 మళ్ళీ గుద్దుకోవడమే. రవి గెలిచేకొద్దీ సీత ఇంకా వెనక్కి పోతుంది. దీన్ని క్యాప్చర్ ఎఫెక్ట్ అంటారు. ఓడినవాళ్ళనే ఇంకా ఆగమని చెప్పే రూల్ ఇది. మొత్తం నెట్‌వర్క్ బాగుంటుంది, సీతకి మాత్రం బాగోదు.

అయినా ఇది ఎందుకు బతికింది? ఆపేస్తే ఏమవుతుందో 1986 అక్టోబర్‌లో ఇంటర్నెట్ చూసింది. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ, బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య దూరం 400 గజాలు. ఆ లింక్‌లో స్పీడ్ సెకనుకి 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. నలభై! కారణం రద్దీ, దానికి తోడు తొందరపడి మళ్ళీ మళ్ళీ పంపడం. వాన్ జాకబ్సన్ 1988 పేపర్‌లో చెప్పిన మందుల్లో ఒకటి మనకి తెలిసిందే: జవాబు రాకపోతే ఆగే టైం పెంచుకుంటూ పో.

ఇక మీ ఇంటి వైఫై. 1997లో మొదటి స్టాండర్డ్ వచ్చింది. రేడియోకి ఒక ఇబ్బంది ఉంది. తను మాట్లాడుతున్నప్పుడు పక్కవాడి మాట వినలేదు, సొంత గొంతే చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. అందుకే వైఫై గుద్దుకున్నాక కాదు, ముందే పాచిక వేస్తుంది. ఛానెల్ బిజీగా ఉంటే, ఖాళీ అయ్యాక 0 నుంచి 15 దాకా ఒక నంబర్ తీసుకుని కౌంట్‌డౌన్ చేస్తుంది. మధ్యలో ఎవరైనా మాట్లాడితే కౌంట్‌డౌన్ ఆపి, మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది. ఫెయిలైతే 31, 63, అలా 1023 దాకా. హాస్టల్‌లో సిగ్నల్ ఫుల్‌గా ఉన్నా నెట్ నత్తనడక నడుస్తోందంటే, ఒక కారణం ఇదే కావచ్చు. మీ ఫోన్ మర్యాదగా లైన్లో నిలబడి ఉంది.

తమాషా ఏంటంటే, ఈథర్‌నెట్‌లోనే ఇప్పుడు దీని అవసరం పోయింది. స్విచ్‌లు వచ్చాక ప్రతి మెషీన్‌కీ సొంత తీగ, గుద్దుకోవడానికి ఎవరూ లేరు. 10 గిగాబిట్ల ఈథర్‌నెట్ స్టాండర్డ్‌లో అసలు ఆ పద్ధతే లేదు. తీగలో పోయిన ఆ రూల్ గాలిలోనూ, యాప్‌లలోనూ బతికే ఉంది. మీలో ఎవరైనా ఇప్పుడే కోడింగ్‌లోకి వస్తుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. సర్వర్ పలకకపోతే వెంటనే లూప్‌లో రీట్రై పెట్టకండి. ఆగే టైంని డబుల్ చేయండి, దానికి కొంచెం రాండమ్ కలపండి. రాండమ్ లేకపోతే లక్ష ఫోన్లూ ఒకే సెకనులో తిరిగొచ్చి, అప్పుడే లేస్తున్న సర్వర్‌ని మళ్ళీ పడేస్తాయి.

ఇదంతా నడిచేది ఒక్క నమ్మకం మీద: అందరూ రూల్ పాటిస్తారని. ఎవరైనా ఒక పరికరం మోసం చేసి ఎప్పుడూ చిన్న నంబరే తీసుకుంటే, ఛానెల్‌లో పెద్ద వాటా దానికే పోతుంది. మిగతావాళ్ళు గుద్దుకుంది మనమే అనుకుని ఇంకా వెనక్కి తగ్గుతారు. మరి సీతకి న్యాయం జరిగేలా ఈ రూల్‌ని మీరైతే ఎలా మారుస్తారు? గెలిచినవాడు కూడా కాసేపు ఆగాలా? ఓడినవాళ్ళకి ముందు ఛాన్స్ ఇవ్వాలా? పేపర్ మీద రవి, సీత లెక్క ఒకసారి వేసి చూసి, కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.