రిపోర్టులన్నీ నార్మలే

ఏడున్నరకి స్కూలు ఆటో హారన్ మోగిందంటే ఆ పిల్లకి కడుపునొప్పి మొదలు. చదివేది ఏడో తరగతి. ఊరు గుంటూరనుకోండి, వరంగల్ అనుకోండి. చాలా ఇళ్లలో జరిగేదాన్నే ఒకింటి కథగా చెబుతున్నా.

నాయనమ్మ ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ పట్టు వేసింది. నులిపురుగుల మాత్ర అయింది, రెండు స్కానింగులూ అయ్యాయి. "అన్నీ నార్మలేగా, మరి నొప్పెక్కడిది? బడి ఎగ్గొట్టే వేషాలు!" అన్నాడు తండ్రి. పిల్ల మారుమాట్లాడలేదు.

చివరికి ఒక పిల్లల డాక్టరు ఫైలు పక్కన పెట్టి, "నొప్పెక్కడో ఒక్క వేలితో చూపించు తల్లీ" అన్నారు. పిల్ల అరచెయ్యంతా బొడ్డు మీద పరిచి గుండ్రంగా తిప్పింది.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జాన్ ఆప్లీ, నోరా నేష్ అనే డాక్టర్లు వెయ్యిమంది బడిపిల్లల్ని పరిశీలించి 1958లో ఒక లెక్క ప్రచురించారు. పదిమందిలో ఒకరికి పైగా ఇలా పదేపదే కడుపునొప్పి. నొప్పి బొడ్డుకి ఎంత దూరమైతే లోపల జబ్బుండే అవకాశం అంత ఎక్కువని ఆప్లీ అన్న మాట ఇప్పటికీ డాక్టర్ల నోట వినబడుతుంది. అది సూచనే, రుజువు కాదు. అందుకే ఈ డాక్టరు ఇంకా అడిగారు. నిద్రలోంచి లేపేస్తోందా? బరువు తగ్గిందా? మోషన్‌లో రక్తం? పచ్చటి వాంతులు? జ్వరం? ఏ ఒక్కదానికి ఔనన్నా దారి వేరేగా ఉండేది. అన్నిటికీ లేదనే చెప్పింది.

"మరి టాయిలెట్‌కి ఎప్పుడెళ్తావు?"

పిల్ల తల వంచుకుంది. బడిలో టాయిలెట్ తలుపుకి గడియ లేదట. అందుకే నీళ్లు తాగదు, సాయంత్రం దాకా ఆపుకుంటుంది. స్కానింగులకి తిప్పినవాళ్లెవరూ ఈ మాట అడగలేదు.

డాక్టరు తండ్రి వైపు తిరిగారు. "నొప్పి నిజమేనండీ, నాటకం కాదు. పేగులకీ మెదడుకీ నరాల సంబంధం ఉంది. మలబద్ధకమో భయమో వాటిని రేపితే, రేడియో సౌండు పెంచినట్టు, పేగుల మామూలు కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. అది స్కానింగులో దొరకదు."

మోషన్ మెత్తబడే మందు కొన్నాళ్లు. టిఫిన్ అయ్యాక కాసేపు టాయిలెట్‌లో కూర్చోవడం. కాస్త నొప్పున్నా బడి మానకపోవడం. తల్లికి మాత్రం వేరే చీటీ: పొద్దున్నే "నొప్పుందా?" అని అడగొద్దు. అమెరికాలో లిన్ వాకర్ బృందం 2006లో చూపించింది ఇదే. పెద్దల ధ్యాస నొప్పి మీదే ఉంటే పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి; మాట మళ్లిస్తే తగ్గాయి. అన్నిట్లోకీ కష్టమైంది తల్లి వంతే. నోటిదాకా వచ్చిన ప్రశ్న మింగి "ఇవాళ గేమ్స్ పీరియడ్ ఉందా?" అనడం ఆమెకి మెల్లగా అలవాటైంది.

నెల తిరిగేసరికి నొప్పి పూర్తిగా పోలేదు, రావడం తగ్గింది. తండ్రి గడియ సంగతి బడిలో అడిగితే "చూద్దాంలెండి" అన్నారు. తర్వాతి ఆదివారం గడియా, నాలుగు స్క్రూలూ కొనుక్కెళ్లి తనే బిగించి వచ్చాడు.