అరీనా పార్క్: వేయని ఓటు చరిత్ర

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి మనవారిని డర్బన్ చేర్చింది. 1896లో నేటాల్ చట్టం భారతీయులకు పార్లమెంటు ఓటు దారి మూసివేసింది.

1983 రాజ్యాంగం తెల్లవారికి, కలర్డ్ వారికి, భారతీయులకు వేర్వేరు సభలు ఏర్పరచింది. అధిక సంఖ్యాకులైన ఆఫ్రికనులకు ఏ సభా లేదు. గ్రూప్ ఏరియాస్ చట్టం కింద డర్బన్ శివార్లలో భారతీయులకు కట్టిన పేట చాట్స్‌వర్త్. అందులోని అరీనా పార్క్ ఒక నియోజకవర్గమైంది.

లోపలికి వెళ్ళి ఇళ్ళు, బడులు సాధిద్దామన్నారు పోటీ చేసినవారు. పొరుగువాడికి లేని ఓటు మనకెందుకని అడిగింది నేటాల్ ఇండియన్ కాంగ్రెస్. ఈ రెండు మాటలూ మన ఇళ్ళలోనే వినిపించాయి.

1984 ఆగస్టు 28న ఎన్నిక జరిగింది. అరీనా పార్క్‌లో అమీచంద్ రాజ్‌బన్సీ గెలిచారు. కాని దేశమంతటా నమోదైన భారతీయ ఓటర్లలో ఓటు వేసినవారు సుమారు 20 శాతమే. తక్కినవారిలో ఎందరో ఇంట కూర్చునే తమ తీర్పు చెప్పారు.

1994 ఏప్రిల్ 27న అన్ని జాతులవారితో ఒకే వరుసలో నిలబడి ఓటు వేశాము. ఆ ఎన్నికతో దామాషా పద్ధతి వచ్చింది. అరీనా పార్క్ స్థానం చరిత్రలో కలిసింది.

పిల్లలారా! ఆనాడు పెద్దలు ఓటు వేయక నిలిపిన గౌరవాన్ని ఈనాడు మీరు ఓటు వేసి నిలపండి.