కాలరేఖలో ఖాళీలు

మా కళాశాల ముఖద్వారం దగ్గర నిరుడు ఒక పెద్ద తెర అమర్చారు. నాక్ బృందం తనిఖీకి వస్తున్నదని హడావిడిగా జరిగిన పని అది. తెరమీద ఎడమనుంచి కుడికి ఒక గీత, గీతమీద చుక్కలు. చుక్కను వేలితో తాకితే ఒక సంవత్సరం విచ్చుకుంటుంది: శంకుస్థాపన, కొత్త భవనం, గ్రంథాలయం, స్వర్ణోత్సవం. గీత వర్తమానాన్ని దాటి ముందుకు సాగి 2047 దగ్గర ఆగుతుంది. అక్కడ తాకితే ప్రపంచస్థాయి విద్యాకేంద్రం కాగలమన్న మాట వెలుగుతుంది. ఇంటరాక్టివ్ టైమ్‌లైన్ అంటున్నారు దీన్ని. నేను కాలరేఖ అంటాను.

బి.ఎ. మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకామె నన్ను అడిగింది: "మా నాన్న ఇక్కడే చదివారు సార్. అప్పుడు తెలుగు శాఖలో నలుగురు లెక్చరర్లు ఉండేవారట. ఇప్పుడు మీరిద్దరే. తక్కిన ఇద్దరూ ఎప్పుడు పోయారో ఇందులో లేదేం?" నేను తెర అంతా వెదికాను. లేదు. వారిద్దరూ పదవీ విరమణ చేశారు. ఖాళీలు భర్తీ కాలేదు. మిగిలిన ఇద్దరిలో నేను కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవాణ్ణి. ఇది కళాశాల చరిత్ర కాదా? ఒక సంస్థ తన గతాన్నీ తన సంకల్పాన్నీ ఒకే గీతమీద చూపదలచినప్పుడు ఏది చుక్క అవుతుంది, ఏది ఖాళీ అవుతుంది, దాన్ని నిర్ణయించేదెవరు? ఈ ప్రశ్న పట్టుకుని నేను కాలరేఖల చరిత్రలోకి వెళ్ళాను.

జోసెఫ్ ప్రీస్ట్లీ పేరు మనకు ఆక్సిజన్ పాఠంలో తెలుసు. శాస్త్రజ్ఞుడుగా కీర్తి రాకముందు ఆయన ఇంగ్లండులోని వారింగ్టన్ అకాడమీలో పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుడు. 1765లో ఆయన జీవిత చరిత్రల పటం ఒకటి అచ్చువేశాడు. సుమారు 3 అడుగుల పొడవున్న ఆ కాగితం మీద క్రీ.పూ. 1200 నుంచి క్రీ.శ. 1800 వరకు దాదాపు 2000 మంది జీవితాలు ఒక్కొక్క గీతగా కనబడతాయి. జనన మరణాలు రూఢిగా తెలియని చోట గీతకు బదులు చుక్కలు పెట్టాడు. తెలియనిదాన్ని తెలియదని పటంమీదనే ఒప్పుకోవడం సామాన్యమైన నిజాయితీ కాదు. పైగా 1765 నాటి పటం 1800 దాకా సాగిందంటే రాబోయే 35 ఏళ్ళ జాగా అందులో ఉన్నదన్నమాట. ఆ జాగాలో ఆయన జోస్యం చెప్పలేదు. ఫ్రెంచి విప్లవాన్ని సమర్థించిన ఈ మనిషి ఇంటిని 1791లో బర్మింగ్‌హామ్ అల్లరిమూక తగలబెట్టింది. 1794లో ఆయన అమెరికా వలసపోయాడు.

భవిష్యత్తును పటంమీదికి ఎక్కించిన ఘట్టం మరొకటి మనకు మరింత దగ్గరిది. 1920 డిసెంబరులో మాస్కో బొల్షాయ్ థియేటరులో సోవియట్ల ఎనిమిదవ మహాసభ జరిగింది. అంతర్యుద్ధంలో చితికిపోయిన దేశం, చలి, ఆకలి. క్రిజిజనోవ్‌స్కీ విద్యుదీకరణ ప్రణాళికను వివరిస్తూ ఉండగా పెద్ద రష్యా పటంమీద కేంద్రాలు రాబోయే చోట్ల దీపాలు వెలిగాయి. ఆ దీపాల కోసం నగరంలో తక్కిన చోట్ల దీపాలు తగ్గించవలసి వచ్చిందని చెబుతారు. ఆ యేడే లెనిన్‌ను కలిసి వెళ్ళిన హెచ్.జి. వెల్స్ ఆయనను స్వాప్నికుడన్నాడు. ఐతే అది ఉత్త స్వప్నం కాదు. 30 విద్యుత్కేంద్రాలు, ప్రతిదానికీ ఒక చోటు, 10 నుంచి 15 ఏళ్ళ గడువు. గడువు ఉన్నది గనుకనే నెరవేరిందా లేదా అని నిలదీయడానికి వీలున్నది. 1930ల తొలినాళ్ళకు ఆ లక్ష్యం మొత్తంమీద నెరవేరింది.

ఇక్కడితో ఆగితే మనమూ మా కళాశాల తెర చేసిన పనే చేసినవాళ్ళమవుతాం. 1928లో మొదలైన తొలి పంచవర్ష ప్రణాళిక 4 సంవత్సరాల 3 నెలల్లో పూర్తయిందని ప్రకటించారు. ఆ 1932-33లోనే ఉక్రెయిన్‌లో, కజకిస్తాన్‌లో, వోల్గా తీరంలో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. విజయాల పటాలమీద వారికి చోటు లేదు. 1937 జనవరిలో తీసిన జనాభా లెక్కలు పాలకులు చెప్పిన అంకెలకు సరిపోకపోయేసరికి, ఆ లెక్కలనే రద్దుచేసి, వాటిని తీసిన అధికారులను నిర్బంధించారు. గీత నిటారుగా కనబడటానికి మనుషులను చెరిపివేసిన సందర్భం అది. మన పక్షంవారు చేసినా చెరపడం చెరపడమే. ఈ మాట మనం చెప్పకపోతే మన శత్రువులు చెబుతారు. వారు చెప్పేది రైతుల మీద జాలితో కాదు.

అంకెలను జనం భాషలో పెట్టడానికి నిజంగా శ్రమించినవాడు ఆటో నాయిరాట్. 1925లో కార్మికవర్గ పాలనలోని వియన్నా నగరంలో ఆయన సాంఘిక ఆర్థిక ప్రదర్శనశాల స్థాపించాడు. సంఖ్య పెరిగితే బొమ్మను పెద్దది చేయకూడదు, అన్ని బొమ్మలు పెట్టాలి అన్నది ఆయన నియమం. అప్పుడు చూసేవాడు తానే లెక్కపెట్టుకోగలడు. 1934లో నియంతృత్వం ఆ ప్రదర్శనశాల నోరు నొక్కింది.

చూసేవాడు తానే లెక్కపెట్టుకోగలగటం! నేటి తెరకు ఆ శక్తి కాగితం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఒకే గీత కింద రెండో గీత గీయవచ్చు: పైన చెప్పినది, కింద జరిగినది. ఒక చుక్క వెనుక తీర్మానాన్నీ, దాన్ని వ్యతిరేకించినవారి మాటనూ కూడా ఉంచవచ్చు. పాత ప్రణాళికను తీసివేయకుండా కొత్తదాని పక్కనే నిలపవచ్చు. చూసేవాడు తన జ్ఞాపకాన్ని చేర్చవచ్చు. కాని మా తెరమీద చూసేవాడికి మిగిలిన స్వేచ్ఛ వేలితో తాకడం ఒక్కటే. తాకిన చోటల్లా ముందే నిర్ణయించిన జవాబు. దీనికి పరస్పరత్వమని పేరు పెట్టడం మాటను అవమానించడమే. ఇక 2047 సంగతి. ఐదేళ్ళ గడువుకు ఐదేళ్ళ తర్వాత జవాబు చెప్పేవారుంటారు. 2047 నాటికి ఈ తెరను ఆవిష్కరించినవారిలో ఒక్కరూ కొలువులో ఉండరు. చివరి చుక్కకూ నేటికీ నడుమ ఒక్క మజిలీ లేదు. ఎన్ని పోస్టులు, ఏ సంవత్సరానికి, ఎవరి బాధ్యత అన్నది లేదు. గడువూ బాధ్యతా లేని ప్రణాళిక ప్రకటన మాత్రమే.

మన సంఘాలు కూడా వార్షికోత్సవాలకు ఇటువంటి తెరలు తయారుచేస్తున్నాయి. మహాసభలూ అధ్యక్షులూ చుక్కలవుతున్నారు. చీలికలూ, ఓడిన సమ్మెలూ, పత్రిక ఆగిపోయిన సంవత్సరాలూ ఖాళీలవుతున్నాయి. విద్యార్థి నేర్చుకోవలసినదంతా ఆ ఖాళీల్లోనే ఉన్నదని నా అభిప్రాయం.

ఆ అమ్మాయీ ఆమె స్నేహితులూ నా కోసం ఆగలేదు. పాత విద్యార్థుల ఇళ్ళకు వెళ్ళి అడిగారు, పాత టైంటేబుళ్ళు సంపాదించారు. చార్టు కాగితాలు అతికించి శాఖలవారీగా ఏ పోస్టు ఏ యేడు ఖాళీ అయిందో గీశారు. రూఢిగా తెలియని చోట చుక్కలు పెట్టారు. ప్రీస్ట్లీ సంగతి నేను చెప్పింది ఆ తర్వాతనే. ఈ వివరాలు తెరమీద చేర్చవలసిందని అర్జీ ఇచ్చి, ఇచ్చిన తేదీని కాగితం మీద రాసుకున్నారు. జవాబు వచ్చే తేదీకి పక్కనే జాగా వదిలిపెట్టారు.